తిరగలి వాళ్ళు

బళ్ళో వేసిన రోజున అయివోరు అడిగినాడు,
"తిరగలంటే, రోళ్ళకి గంట్లు కొట్టేవాళ్ళా మీరు?"
కాదనడానికి నాకేం తెలుసు?
ఔనన్నాను.
పదో తరగతి దాకా గంట్లోడనే పిలిచారు.

నిజానికి మా ఇంట్లో తిరగలే లేదు.
రాగులు విసరాలంటే అమ్మ పక్కింటికి పోయేది.
మాకుండిందల్లా చూరు కింద చాటెడు కాకిబంగారం,
గని మూతపడిన నాడు నాయన
జీతం బదులు జేబుల్లో పోసుకొచ్చింది.

సైదాపురం దిబ్బల మీద ఎండ పడితే
ఇప్పటికీ కళ్ళు తెరవలేం.
అక్కడే మా తాత వాళ్ళమ్మ చెంగి
కొడవలితో అభ్రకం పొరలు చీల్చేది,
రోజుకి మూడణాలు.
చీలిస్తే చీలుతూనే ఉంటుందంట అది,
ఆఖరి పొర ఎవరూ చూడలేదంట.

గనికో దొర.
వాళ్ళ దేశం కొసన, సముద్రంలోకి పొడుచుకుపోయిన నేలలో
తగరం గనులు మూస్తే
ఓడెక్కొచ్చి ఈ గుంటలో దిగినాడు.
పేరు ట్రెగెల్లీ.
కూలోళ్ళ నోట్లో అది మొదటి వారమే నలిగి
తిరగలి దొర అయింది.

మూడేళ్ళకి చెంగికి కొడుకు పుట్టినాడు,
పిల్లికళ్ళతో.
దొర ఒక దుప్పటి ఇచ్చినాడంట, ఒక లాంతరు.
పేరివ్వలేదు.
పేరిచ్చింది వీధి,
"ఎవరి బిడ్డ?" "తిరగలోళ్ళ బిడ్డ" అని నవ్వి.
గూడూరు చర్చిలో బాప్తిస్మాలు రాసే ముసలాయన
నవ్వు వినపడక
చెప్పింది చెప్పినట్టు ఎక్కించినాడు.
తండ్రి గడిలో గీత.
ఇంటిపేరు గడిలో తిరగలి.

పోయినేడు పాస్టరుగారికి ఉత్తరమొచ్చింది.
ఎనభై మూడేళ్ళ ఆమె, పెళ్ళి చేసుకోలేదు,
తాత తమ్ముడి సమాధి కోసం వెతుకుతా ఉంది.
ఆయన తెలుగులో చెప్పుకుంటా పోతే
స్టూలు మీద కూచుని విన్నా.
వాళ్ళ పాత భాషలో
ట్రె అంటే ఊరంట, కెల్లీ అంటే తోపంట.
తోపూరు!
నాకు నవ్వొచ్చింది.
మన తోటపల్లోళ్ళు, మామిడిపూడోళ్ళు చేసిందే
వాళ్ళూ చేసినారు:
ఊరొదిలేటప్పుడు ఊరిని మూటగట్టి
పేరుకి తగిలించుకున్నారు.
ఆ తోపు ఏ చెట్లదో ఆమెకీ తెలియదు,
అక్కడిప్పుడు గొర్రెలు మేస్తాయంట.
ఒక ఫాదరు రాసినట్టు ఇంకో ఫాదరు రాయక
నాలుగు రకాలుగా ఉందంట ఆ పేరు.
చివర్లో: "ఈ పేరుతో మిగిలింది నేనొక్కతినే. నాతో సరి."

పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి నా కళ్ళల్లోకి చూసినాడు.
నేను కిటికీ వంక చూసినాను.

సమాధి దొరకలేదు.
కంపచెట్లు కొట్టించి రెండు రోజులు వెతికినాం,
ఇటుక ముక్కలు, ఒక పాము కుబుసం.

రాత్రి మా రోజమ్మ అంది,
"చెప్పి ఏం చేస్తావు? ఆస్తి కోసమనుకుంటుంది.
గమ్మునుండు."
నిజమే.
కానీ ఎరువుల కొట్లో ఇరవై ఏళ్ళు పద్దు రాసినోణ్ణి,
తప్పు లెక్క చూసి నిద్రపోలేను.
మా ఇంట్లో ఆరుగురం,
కలిచేడులో చిన్నాయన కొడుకులు, వాళ్ళ పిల్లలు.

తెల్లారి రాసినా.
"అమ్మా, సమాధి లేదు. మనుషులం ఉన్నాం,
పదకొండు మందిమి.
పేరు మీరనుకున్నట్టు లేదు,
మావాళ్ళు విసిరి పిండి చేసినారు.
ఆస్తి వద్దు.
ఇట్లు, తిరగలి దానం."
ఆస్తి మాట కొట్టేసి, మళ్ళీ రాసి,
గోరంత అభ్రకం పొర ఒకటి మడతలో పెట్టినా.

ఆధార్‌లో ఒక రకం మా ఇంటిపేరు,
బ్యాంకు పుస్తకంలో ఒకటి,
రేషను కార్డులో 'ళ'కి వత్తు పెట్టి ఇంకోటి.
పోస్టాఫీసు కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా,
"పంపేవాళ్ళ ఇంటిపేరు?"
చెప్పినా.
తనకి తోచినట్టు ఇంగ్లీషులో కొట్టింది.
రసీదు చూసుకుంటే
ఇది ఎక్కడా లేని రకం.
దిద్దమని అడగబోయినా,
వెనక లైను పొడుగ్గా ఉంది.
మడిచి జేబులో పెట్టుకున్నా.